మాటల లెక్కలు: ఒకే లెక్కను రెండు దారుల్లో చేయించడం ఎలా

ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా నాలుగు వాక్యాల లెక్క కనపడగానే "ఇది కూడాలా, తీసెయ్యాలా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకండి. చెబితే ఈ లెక్క అయిపోతుంది, రేపు ఇంకో లెక్క దగ్గర మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. కూడడం వాళ్లకు వచ్చు. ఏది మొత్తం, ఏది అందులో భాగం, ఎవరిది ఎవరి కంటే ఎక్కువ అన్నదే అందడం లేదు. అది కాగితం మీద కనపడేలా చేసే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. 3, 4, 5 తరగతుల పిల్లలకు నేర్పేవాళ్ల కోసం వాటిని ఒక్కొక్కటే చూద్దాం.

కావలసినవి తక్కువే: గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు, గుప్పెడు చింతగింజలు. తెల్లకాగితం కంటే గళ్ల కాగితం నయం. సమానంగా ఉండాల్సిన భాగాలు దాని మీద సమానంగా వస్తాయి.

ముందు సంఖ్యలు లేకుండా చదివించండి

లెక్కను ఒకసారి మామూలుగా చదివించండి. రెండోసారి సంఖ్య వచ్చిన ప్రతిచోటా దాన్ని వేలితో మూసి "కొన్ని" అని చదవమనండి. "లక్ష్మి దగ్గర కొన్ని రూపాయలు ఉన్నాయి. కిరణ్ దగ్గర అంతకంటే కొన్ని తక్కువ ఉన్నాయి." ఇప్పుడు పుస్తకం మూసి, ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పమనండి. చెప్పలేకపోతే పెన్సిలు ఇవ్వకండి, ఇంకోసారి చదివించండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలైతే ఈ చెప్పడం తెలుగులో సాగనివ్వండి. కథ అర్థమయ్యాక రాయడం ఏ భాషలోనైనా రాయొచ్చు.

తర్వాత, లెక్క మొదలుపెట్టకముందే జవాబు వాక్యాన్ని ఖాళీతో రాయించండి: "కిరణ్ దగ్గర ____ రూపాయలు ఉన్నాయి." ఏం కనుక్కోవాలో మరిచిపోయి మధ్యలో వచ్చిన సంఖ్యనే జవాబుగా రాసేసే అలవాటు దీంతో చాలావరకు పోతుంది.

సంఖ్యలు మూయడం ఎందుకంటే, పిల్లల కళ్లు ముందు సంఖ్యల మీదే పడతాయి. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లలను "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" అని అడిగారు. ఎక్కువమంది ఆ రెండు సంఖ్యలతోనే ఏదో ఒక వయసు తేల్చేశారు. మన పిల్లలకూ అప్పుడప్పుడు ఇలాంటి జవాబు లేని లెక్క ఒకటి ఇవ్వండి. "ఇందులో చాలినంత సమాచారం లేదు" అనడం కూడా సరైన జవాబేనని వాళ్లకు తెలియాలి.

గుర్తు మాటలను నమ్మించకండి

"మొత్తం అంటే కూడాలి, ఎక్కువ అంటే కూడాలి, మిగిలింది అంటే తీసెయ్యాలి" అని పట్టిక ఇచ్చి బట్టీ పట్టించడం చాలాచోట్ల ఉంది. ఇది రెండో తరగతి దాకా పనిచేసినట్టే కనిపిస్తుంది, మూడో తరగతిలో దెబ్బతీస్తుంది. ఈ లెక్క చూడండి:

"లక్ష్మి దగ్గర 48 గోళీలు ఉన్నాయి. అవి కిరణ్ దగ్గరున్న వాటి కంటే 12 ఎక్కువ. కిరణ్ దగ్గర ఎన్ని?"

"ఎక్కువ" చూసి పిల్లలు 60 అంటారు. జవాబు 36. "చొప్పున" కూడా ఇంతే. "బుట్టకు 24 చొప్పున 6 బుట్టల్లో ఎన్ని మామిడికాయలు?" అంటే గుణించాలి. "144 మామిడికాయలను బుట్టకు 24 చొప్పున సర్దితే ఎన్ని బుట్టలు?" అంటే భాగించాలి. రెండింటిలోనూ ఉన్నది ఒకే మాట.

పోల్చే లెక్కలకు ఒక పద్ధతి నేర్పితే చాలు. "కంటే" అన్న మాటకు సరిగ్గా ముందు ఎవరున్నారో వాళ్ల గీత మొదట గీయాలి. పై లెక్కలో "కంటే" ముందున్నది కిరణ్ గోళీలు. కాబట్టి మొదట కిరణ్ గీత, దాని కింద అంతే పొడవు పెట్టి ఇంకొంచెం సాగదీసి లక్ష్మి గీత. ఆ సాగిన ముక్క 12, లక్ష్మి గీత మొత్తం 48. ఇక కూడాలా తీసెయ్యాలా అని ఎవరూ అడగరు, బొమ్మే చెబుతుంది. ఇంగ్లిష్‌లో చదివే పిల్లలకు మాత్రం ఇది తిరగబడుతుంది, అక్కడ "దేన్" (than) తర్వాత వచ్చిన పేరు గీత మొదట గీయాలి.

పట్టీ బొమ్మ

ఇప్పుడు గీసింది అదే. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి దీన్ని ఒక పద్ధతిగా నేర్పుతున్నారు. ప్రాథమిక తరగతుల్లో ఒక్క పద్ధతే నేర్పడానికి సమయం ఉందంటే దీన్నే ఎంచుకోండి. గీసే క్రమం ఇది:

1. లెక్కలో ఎంతమంది మనుషులో, ఎన్ని రకాల వస్తువులో చూసి, ఎడమవైపు ఒకరి కింద ఒకరి పేరు రాయాలి.
2. ప్రతి పేరు ఎదురుగా పొడవాటి పెట్టె గీయాలి. అన్ని పెట్టెల ఎడమ అంచూ ఒకే నిలువు గీత దగ్గర మొదలవ్వాలి.
3. తెలిసిన సంఖ్యలను పెట్టెల మీద రాయాలి, తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టాలి.
4. లెక్కలో ఒక్కో వాక్యం బొమ్మలోకి చేరగానే దాని పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు పడని వాక్యం మిగిలితే బొమ్మ ఇంకా పూర్తవ్వలేదు.

తప్పులు ఎక్కువగా జరిగేది రెండో మెట్టు దగ్గర. ఎడమ అంచులు కలవకపోతే ఎవరిది ఎంత పొడవో పోల్చలేం. ఇంకొందరు పిల్లలు 48 అనగానే 48 గళ్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. అది అక్కర్లేదు. పెద్దది పెద్దగా, చిన్నది చిన్నగా, సమానమైనవి సమానంగా ఉంటే సరిపోతుంది.

పిల్లలను తరచూ పడగొట్టే లెక్క ఒకటి తీసుకుందాం. "లక్ష్మి, కిరణ్ దగ్గర కలిపి 140 రూపాయలు ఉన్నాయి. లక్ష్మి దగ్గర కిరణ్ కంటే 36 రూపాయలు ఎక్కువ. ఎవరి దగ్గర ఎంత?"

చాలామంది 140లో సగం 70 తీసుకుని, 36 కలిపి లక్ష్మికి 106, తీసేసి కిరణ్‌కు 34 అంటారు. రెండూ కూడితే 140 వస్తుంది కాబట్టి సరైందనే అనుకుంటారు. తేడా చూడమనండి: 106 − 34 = 72. ఉండాల్సింది 36. అంటే తేడా రెండింతలైంది. ఒకరి దగ్గర 36 తీసి ఇంకొకరికి ఇస్తే ఇద్దరి మధ్య దూరం రెండువైపులా పెరుగుతుంది, అందుకే.

పట్టీలు గీసి చూడండి. కిరణ్ పెట్టె, దాని కింద అంతే పొడవూ ఒక అదనపు ముక్కా ఉన్న లక్ష్మి పెట్టె. అదనపు ముక్క మీద 36. రెండు పెట్టెలూ కలిపి 140. ఆ అదనపు ముక్కను చేత్తో మూస్తే మిగిలేవి రెండు సమానమైన పెట్టెలు: 140 − 36 = 104. ఒక్కోటి 52. కిరణ్ 52, లక్ష్మి 52 + 36 = 88.

ఇంకో దారి: అదనపు ముక్కను మధ్యకు కోసి, ఒక సగాన్ని కిరణ్ పెట్టెకు అతికిస్తే ఇద్దరూ సమానం, తలా 70. కోసిన సగం 18. కాబట్టి లక్ష్మి 70 + 18 = 88, కిరణ్ 70 − 18 = 52. మొదట 70తో మొదలుపెట్టిన పిల్లలకు ఈ రెండో దారి చూపించండి. వాళ్ల ఆలోచన పూర్తిగా తప్పు కాలేదు, 36 చోట 18 ఉండాల్సింది, అంతే. తమ దారిలోనే జవాబు దొరికితే పిల్లలు దాన్ని మరిచిపోరు.

"మిగిలిన వాటిలో" అన్నప్పుడు

ఐదో తరగతిలో భిన్నాలు వచ్చాక అసలు చిక్కు ఇక్కడే. "బుట్టలో జామకాయల్లో నాలుగో వంతు ఉదయం అమ్ముడుపోయాయి. మిగిలిన వాటిలో మూడింట రెండు వంతులు సాయంత్రం అమ్ముడుపోయాయి. ఇంకా 20 ఉన్నాయి. మొదట ఎన్ని ఉన్నాయి?"

సాధారణంగా జరిగే తప్పు: 1/4, 2/3 కలిపి 11/12 చేసి, మిగిలిన 1/12 వంతు 20 కాబట్టి మొత్తం 240 అనడం. లెక్కను ముందుకు నడిపి చూస్తే తప్పు బయటపడుతుంది. 240లో నాలుగో వంతు 60 పోతే 180, అందులో మూడింట రెండు వంతులు 120 పోతే 60 మిగలాలి. లెక్కలో 20 అని ఉంది. నాలుగో వంతు మొత్తం బుట్టలోది, మూడింట రెండు వంతులు మిగిలిన వాటిలోది. దేనిలో వంతో చూడకుండా రెండు భిన్నాలను కూడేశారు.

పట్టీతో: నాలుగు సమాన గదుల పెట్టె ఒకటి. మొదటి గదిని పెన్సిలుతో నింపండి, ఉదయం పోయింది అది. మిగిలింది మూడు గదులు. అందులో మూడింట రెండు వంతులంటే రెండు గదులు, అవీ నింపండి. ఖాళీగా ఉన్నది ఒక్క గది, అది 20. మొత్తం 4 × 20 = 80.

వెనక నుంచి: 20 అనేది మిగిలిన వాటిలో మూడో వంతు, కాబట్టి మిగిలినవి 60. ఆ 60 మొత్తంలో నాలుగింట మూడు వంతులు, కాబట్టి నాలుగో వంతు 20, మొత్తం 80.

అన్ని లెక్కల్లోనూ గదులు ఇంత చక్కగా కుదరవు. మొదట మూడో వంతు పోయి, మిగిలిన వాటిలో నాలుగో వంతు పోయిందనుకోండి. మిగిలిన రెండు గదులను నాలుగు చేయాలంటే ఒక్కోదాన్ని రెండుగా కోయాలి. అప్పుడు నింపేసిన గదిని కూడా రెండుగా కోయించండి, మొత్తం 6 గదులవుతాయి. పిల్లలు దీన్ని కోయకుండా వదిలేసి 5 గదులు లెక్కపెడతారు, అక్కడ కాస్త కనిపెట్టి ఉండాలి.

వెనక్కి నడవడం

చివర ఎంతో తెలిసి, మొదట ఎంతో అడిగితే వెనక నుంచి రావాలి. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడి గణితంలో దీనికి విలోమ విధి అని పేరు.

"బస్సు జనగామలో ఆగితే 8 మంది ఎక్కారు, ఎవరూ దిగలేదు. ఆలేరులో ఉన్నవాళ్లలో సగం మంది దిగారు, తర్వాత 5 మంది ఎక్కారు. ఇప్పుడు 29 మంది ఉన్నారు. జనగామకు రాకముందు ఎంతమంది?"

ముందుగా జరిగినది జరిగినట్టు బాణాలతో రాయించండి: ? → 8 కలుపు → సగం చెయ్యి → 5 కలుపు → 29. దాని కిందే కుడి నుంచి ఎడమకు: 29 − 5 = 24, రెట్టింపు 48, 48 − 8 = 40. సరిచూడడానికి 40తో మళ్లీ ముందుకు వెళ్లండి: 48, 24, 29.

కూడికను తీసివేతగా, సగాన్ని రెట్టింపుగా మార్చడం పిల్లలకు తొందరగానే వస్తుంది. క్రమం కూడా తిరగబడాలన్నది మాత్రం మరిచిపోతారు. 29 నుంచి ముందు 8 తీసేసి 21, దాన్ని రెట్టించి 42, 5 తీసి 37 అంటారు. బాణాల వరుస రాస్తే ఈ తప్పు జరగదు కాబట్టి, మొదటి పది లెక్కల దాకా ఆ వరుస రాయకుండా వదలకండి.

తలలు, కాళ్లు

"దొడ్లో కోళ్లు, మేకలు కలిపి 20 తలలు, 56 కాళ్లు. ఏవి ఎన్ని?" ఒకే లెక్కను మూడు వయసుల పిల్లలు మూడు రకాలుగా చేయగలరని చూపడానికి ఇది మంచి లెక్క.

మూడో తరగతికి బొమ్మ: 20 సున్నాలు గీయించండి, ఒక్కోదానికి రెండు కాళ్లు పెట్టించండి. 40 కాళ్లయ్యాయి. ఇంకా 16 కాళ్లున్నాయి. మొదటి సున్నా నుంచి రెండేసి చొప్పున అతికిస్తూ పోతే 8 సున్నాల దగ్గర అయిపోతాయి. ఆ 8 మేకలు, మిగిలిన 12 కోళ్లు. గీయడం విసుగైతే చింతగింజలతో చేయండి.

నాలుగో తరగతికి పట్టిక: సగం సగం అనుకుని 10 కోళ్లు, 10 మేకలతో మొదలుపెట్టండి. 20 + 40 = 60 కాళ్లు, 4 ఎక్కువ. ఒక మేకను తీసి కోడిని పెడితే 2 కాళ్లు తగ్గుతాయి, కాబట్టి రెండు మేకలను మార్చాలి. 12 కోళ్లు, 8 మేకలు. 1, 19తో మొదలుపెట్టి వరసగా రాసుకుంటూ పోయినా వస్తుంది, కానీ మధ్య నుంచి మొదలుపెడితే ఎటు జరగాలో వెంటనే తెలుస్తుంది.

ఐదో తరగతికి ఊహ: అన్నీ కోళ్లే అనుకుంటే 40 కాళ్లు. 16 తక్కువ వచ్చాయి. ఒక్కో మేకకు కోడి కంటే 2 కాళ్లు ఎక్కువ. 16 ÷ 2 = 8 మేకలు.

ఇక్కడ 16ను 4తో భాగించి 4 మేకలు అనేవాళ్లే ఎక్కువ. ఆ మేకలకు రెండేసి కాళ్లు ముందే ఇచ్చేశామని బొమ్మలో చూపించండి. బొమ్మ గీసిన పిల్లలు ఈ తప్పు చేయరు, అందుకే ఐదో తరగతి పిల్లలతో అయినా మొదటిసారి బొమ్మే వేయించాలి. తర్వాత ఆటోలు, బైకులతో ఒకటి ఇవ్వండి: 15 బండ్లు, 37 చక్రాలు. జవాబు 7 ఆటోలు, 8 బైకులు.

ఊహించే పద్ధతిలోనే ఇంకో రకం ఉంది, భాస్కరాచార్యుడు ఇష్టకర్మ అన్నది. "ఒక సంఖ్యలో సగం, మూడో వంతు కలిపితే 50. ఆ సంఖ్య ఎంత?" సగానికీ మూడో వంతుకూ తేలిగ్గా వచ్చే 6 అనుకోండి. 3 + 2 = 5. కావలసింది 50, అంటే పది రెట్లు. కాబట్టి సంఖ్య 60. "ఇంకో 7 కలిపితే 57" అని ఉంటే ఇది నేరుగా పనిచేయదు. ముందు ఆ 7 తీసేశాకే రెట్లు చూడాలి.

ఒకటికి ఎంత?

ఏకవస్తు పద్ధతి మన బడుల్లో బాగానే నేర్పుతారు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చెబుతాం. 6 పెన్సిళ్లు 42 రూపాయలైతే ఒకటి 7, తొమ్మిది 63. ఒకటి ధర పూర్ణసంఖ్యగా రానప్పుడే పిల్లలు ఆగిపోతారు. 8 అరటిపళ్లు 60 రూపాయలు, 12 పళ్లు ఎంత? ఒకటికి ఏడున్నర అని భాగించే బదులు, 8కి 60, 4కి 30, 12కి 90 అని పట్టికలా రాయించండి. మధ్యలో తేలికైన మజిలీ వెతుక్కోవడమే కిటుకు.

ఈ పద్ధతి ఎక్కడ వాడకూడదో కూడా నేర్పాలి. ఒక చొక్కా ఎండలో ఆరడానికి 2 గంటలు పడితే, పక్కపక్కనే ఆరేసిన 5 చొక్కాలకూ 2 గంటలే. 6 గురు ఒక పని 10 రోజుల్లో చేస్తే, అంతే పనితనమున్న 12 మంది 5 రోజుల్లో చేస్తారు, 20 రోజుల్లో కాదు. లెక్క మొదలుపెట్టే ముందు "ఇది పెరిగితే అది పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?" అని అడిగించండి.

శేషం, సమయం

అమెరికాలో 1980ల మొదట్లో 13 ఏళ్ల పిల్లలకు జాతీయ పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు: 1128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? భాగహారం సరిగ్గా చేసినవాళ్లలోనూ చాలామంది "31, శేషం 12" అని రాశారు. కావలసింది 32 బస్సులు. భాగహారం అయ్యాక శేషాన్ని ఏం చేయాలో లెక్కను బట్టి తేల్చాలి. బస్సులైతే ఒకటి పెంచాలి. 130 లడ్డూలను 40 చొప్పున డబ్బాల్లో పెడితే నిండిన డబ్బాలెన్ని అంటే 3, శేషాన్ని వదిలేయాలి. డబ్బాల్లో పెట్టాక ఎన్ని మిగిలాయి అంటే శేషమే జవాబు, 10. ఈ మూడు ప్రశ్నలనూ ఒకే భాగహారం మీద ఒకదాని తర్వాత ఒకటి అడగండి.

సమయం లెక్కల్లో 9:45కి గంటన్నర కలపమంటే 10:75 రాస్తారు. నిలువుగా కూడించకండి. అడ్డంగా గీత గీసి గెంతించండి: 9:45 నుంచి గంట గెంతితే 10:45, ఇంకో 15 నిమిషాలకు 11:00, మరో 15కి 11:15. ఎంతసేపు పట్టింది అని అడిగే లెక్కలకూ ఇదే గీత పనికొస్తుంది.

ఎన్ని చేయించాలి, ఎలా దిద్దాలి

రోజుకు రెండు లెక్కలు చాలు, కానీ ఒక్కోటి రెండు దారుల్లో చేయాలి. పది లెక్కలు ఒకే దారిలో చేసినప్పటి కంటే దీని వల్ల ఉపయోగం ఎక్కువ. రెండు జవాబులూ ఒకటే వస్తే మీరు టిక్కు పెట్టనక్కర్లేదు. వేరువేరుగా వస్తే, ఏది తప్పో మీరు చెప్పకుండా రెండింటినీ లెక్కలోని ప్రతి వాక్యంతో సరిచూడమనండి.

ఒకే రకం లెక్కలు వరసగా ఇవ్వకండి. పేజీ పైన "భాగహారం" అని శీర్షిక ఉంటే పిల్లలు లెక్క చదవరు, ఉన్న రెండు సంఖ్యలను భాగించేస్తారు. పాఠం అయిపోయాక పాత పాఠాల లెక్కలు కూడా కలిపి ఇవ్వండి.

ఇరుక్కుపోయి కూర్చున్నప్పుడు సూచన ఇవ్వడానికి తొందరపడకండి. ముందు "బొమ్మలో ఏ వాక్యానికి టిక్కు పడలేదు?" అని అడగండి. అప్పటికీ కదలకపోతే సంఖ్యలను చిన్నవి చేసి ఇవ్వండి. 140, 36 బదులు 10, 2. చిన్న సంఖ్యలతో చేసినదాన్నే పెద్ద సంఖ్యలతో మళ్లీ చేయమనండి.

వారానికి ఒకసారి పని తిరగెయ్యండి. రెండు పెట్టెలున్న పట్టీ బొమ్మ మీరు గీసి, ఒకదాని మీద 45, రెండో పెట్టె అదనపు ముక్క మీద 18 రాసి ఇవ్వండి. దానికి సరిపోయే మూడు లెక్కలు పిల్లలే రాయాలి. మొదటి లెక్కలో "ఎక్కువ" అన్న మాట ఉండాలి, రెండో లెక్కలో "తక్కువ" అన్న మాట ఉండాలి, మూడో దాంట్లో ఆ రెండు మాటలూ ఉండకూడదు. మూడోది రాయడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, పట్టనివ్వండి.